మేఘం మన ఇంటి అల్మారాలో

తంగళ్ళపల్లి నుండి ఒక సోదరి ఇలా వ్రాస్తున్నారు:

“మా మామయ్య నలభై యేండ్లు సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసి నిరుడు కాలం చేశారు. ఆయన ఫొటోలు, దుబాయిలో ఉన్న మా వారికి నా ఫోను నుండి ఆయన చెప్పి పంపిన మాటలు, అన్నీ ఈ ఫోనులోనే ఉన్నాయి. ఇప్పుడది ‘జాగా నిండిపోయింది, నెలనెలా డబ్బు కట్టండి’ అంటున్నది. డిప్లొమా చదివే మా అబ్బాయి, అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటి కొని ఇంట్లోనే ‘క్లౌడ్’ పెడతానంటాడు. ‘రేపు నీకు ఉద్యోగం వచ్చి పట్నం పోతే దీన్ని ఎవరు చూస్తారురా?’ అని నేనంటాను. మా మాట తెగడం లేదు. మీరేమంటారు?”

ఈ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. పెట్టగలమా అన్నది అబ్బాయి ప్రశ్న. పెట్టాక నిలుపుకోగలమా అన్నది తల్లి ప్రశ్న. మొదటిదానికి జవాబు సులువు. రెండవదానికి జవాబు చెప్పుకోకుండా మొదటి పనికి దిగితే మాత్రం డబ్బు దండగ, పైగా ఉన్నది పోగొట్టుకోవడం.

ముందు ఈ మేఘం సంగతి చూద్దాం. పేరు విని ఆకాశంలో ఎక్కడో ఉన్నదనుకోకండి. ఏదో ఒక ఊళ్ళో, చల్లని గదులలో, బీరువాల్లాగా వరుసగా నిలబెట్టిన కంప్యూటర్లలో మన ఫొటోలు ఉంటాయి. ఇతరుల గోదాములో మన మూట పెట్టుకున్నట్లన్నమాట. గూగుల్ వారు ఒక ఖాతాకు 15 గీగాబైట్ల జాగా ఉచితంగా ఇస్తూ వచ్చారు. ఉత్తరాలు, కాగితాలు, ఫొటోలు అన్నీ కలిపి అందులోనే సర్దుకోవాలి. ఫొటోలు ఎన్ని పెట్టినా లెక్కకు రావన్న పాత సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. ఒక్కొక్క ఫొటో 4 మెగాబైట్లు అనుకుంటే 15 గీగాబైట్లలో పట్టేవి 3,750. ఇంట్లో ఒక పెండ్లి, రెండు బతుకమ్మలు, ఒక పసిపిల్ల ఉంటే చాలు, నిండిపోతుంది!

ఇంకొక మాట కూడ ఉన్నది. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాలను తీసివేసే నియమాన్ని గూగుల్ వారు 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టారు. కాలం చేసినవారి పేరున ఖాతా ఉండి, అందులో ఫొటోలు ఉంటే, ఇంటివారు ఈ గడువు గుర్తుంచుకోవాలి.

అలాగని పెద్ద కంపెనీలన్నీ చెడ్డవని, ఇల్లే క్షేమమని అనుకోవడానికీ వీలులేదు. గోదాముకు కాపలావారు ఉంటారు, నిప్పార్పే ఏర్పాటు ఉంటుంది. మన ఇంటి అల్మారాకు అవేవీ ఉండవు. కాపలా ఉన్నచోట కూడ ప్రమాదం రాకపోలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గ్ నగరంలో ఓ.వి.హెచ్. అనే కంపెనీవారి కంప్యూటర్ల భవనం కాలిపోయింది. వేరొకచోట రెండవ నకలు పెట్టుకున్నవారు కొన్నాళ్ళు ఇబ్బందిపడి తేరుకున్నారు. పెట్టుకోనివారిలో అనేకుల సొత్తు మళ్ళీ రాలేదు. వస్తువు ఎక్కడ ఉన్నదన్న దానికంటె, ఎన్నిచోట్ల ఉన్నదన్నదే ముఖ్యమని ఆ మంటలు చెప్పిన పాఠం. ఈ పాఠం మనసులో పెట్టుకొని అబ్బాయి అడిగిన కంప్యూటరు దగ్గరకు వద్దాం.

దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ మొదలైనవారు, పిల్లలకు కంప్యూటరు లోపలి పని తెలియకుండా పోతున్నదని విచారించి, చవకలో ఒక కంప్యూటరు తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అంతా ఒకే పలక మీద ఉంటుంది. పొడవు వెడల్పులలో మన ఏ.టి.ఎం. కార్డంత. 2019లో వచ్చిన నాలుగవ రకంగాని, 2023లో వచ్చిన అయిదవ రకంగాని ఈ పనికి సరిపోతుంది. 4 గీగాబైట్ల ర్యాము ఉన్నది తీసుకుంటే ఒక కుటుంబానికి చాలును.

పలక ఒక్కటే కొంటే పని జరగదు. దానికి తగిన పవర్ అడాప్టరు కావాలి. నాలుగవ రకానికి 5 వోల్టులు, 3 ఆంపియర్లు. అయిదవ రకానికి 5 వోల్టులు, 5 ఆంపియర్లు. ఇంట్లో ఉన్న ఫోను చార్జరుతో సరిపెడదామనుకోకండి. కరెంటు చాలక కంప్యూటరు మధ్యమధ్య సొమ్మసిల్లుతుంది. నడిపే సాఫ్ట్‌వేర్‌కు 32 గీగాబైట్ల మెమొరీ కార్డు ఒకటి కావాలి. ఫొటోలు మాత్రం ఆ కార్డు మీద పెట్టరాదు. మాటిమాటికీ వ్రాతకు అది త్వరగా అరిగిపోతుంది. వాటికి యు.ఎస్.బి.కి తగిలించే ఎస్.ఎస్.డి. డిస్కు కొనాలి. 1 టెరాబైటు డిస్కులో ఇందాకటి లెక్కన 2,50,000 ఫొటోలు పడతాయి. తరువాత ఒక పెట్టె, చిన్న ఫ్యాను, రౌటరుకు కలిపే వైరు.

కరెంటు బిల్లు సంగతి ఇంటి ఇల్లాలు అడగక మానదు. పలక, డిస్కు కలిసి 8 వాట్లు తింటాయనుకుందాం. రాత్రింబగళ్ళు నెల్లాళ్ళు నడిస్తే సుమారు 6 యూనిట్లు. ఒక చిన్న బల్బు ఆర్పకుండా వెలిగించినంత ఖర్చు.

ఇక సాఫ్ట్‌వేర్. 2010లో ఫ్రాంక్ కార్లిచెక్ అనే జర్మన్ దేశస్థుడు ‘ఓన్‌క్లౌడ్’ అనే పని ప్రారంభించాడు. ఎవరి మేఘం వారింట్లో ఉండాలన్నది ఆయన పట్టుదల. 2016లో ఆయనా, ఆయన తోటివారిలో కొందరూ విడిపోయి ‘నెక్స్ట్‌క్లౌడ్’ పెట్టారు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డబ్బివ్వకుండా తెచ్చుకోవచ్చును, లోపల ఏమున్నదో చూడవచ్చును, మార్చుకోవచ్చును కూడ. మన హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌నే విద్యార్థులకు పరిచయం చేస్తూ ఉంటారు. అబ్బాయికి సందేహాలుంటే అటువంటివారి సహవాసం మంచిది.

అమర్చే పద్ధతి వరుసగా చెబుతాను. తల్లి కూడ పక్కన కూర్చుని చూడవలెనని నా మనవి. ఎందుకో తరువాత చెబుతాను.

మొదటి పని: మరొక కంప్యూటరులో రాస్ప్‌బెర్రీ పై వారి ‘ఇమేజర్’ అనే సాధనం తెచ్చుకొని, మెమొరీ కార్డు మీద 64 బిట్ల ‘లైట్’ రకం ఆపరేటింగ్ సిస్టమ్ వ్రాయాలి. అప్పుడే వాడుకరి పేరు, పాస్‌వర్డు పెట్టమంటుంది. పూర్వం అందరికీ తెలిసిన ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు ఉండేవి. దొంగకు తాళంచెవి ఇచ్చినట్లుండేది. 2022లో దాన్ని తీసివేశారు. దూరం నుండి ఆజ్ఞలు ఇచ్చే ఎస్.ఎస్.హెచ్. సౌకర్యం కూడ అక్కడే తెరిచి పెట్టుకోవాలి.

రెండవది: కార్డును పలకలో పెట్టి, వైరుతో రౌటరుకు కలిపి, కరెంటు ఇవ్వాలి. రౌటరులో ఈ కంప్యూటరుకు ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేటట్లు ఏర్పాటు చేయాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇది ఇల్లు మారుతుంది, ఫోనులు దాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి. తరువాత ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా కొత్త రూపానికి తెచ్చుకోవాలి.

మూడవది: డిస్కు. దాన్ని లినక్సుకు సహజమైన ‘ఈ.ఎక్స్.టి. 4’ పద్ధతిలో సిద్ధంచేసి, దాని గుర్తు సంఖ్యను సిస్టమ్ పట్టికలో వ్రాయాలి. అప్పుడు కంప్యూటరు లేచినప్పుడల్లా డిస్కు అదే చోట తగులుకుంటుంది.

నాలుగవది: ముగ్గురు పనివాళ్ళను దించాలి. వాకిట్లో నిలబడి వచ్చినవారిని పలకరించేది ‘అపాచి’. లోపల పనిచేసేది ‘పీ.హెచ్.పీ.’ ఏ ఫొటో ఎవరిది, ఎప్పుడు వచ్చింది, ఎవరికి చూపవచ్చును అని చిట్టా వ్రాసే గుమాస్తా ‘మరియాడిబి’. ముగ్గురూ ఆపరేటింగ్ సిస్టమ్ భాండారంలోనే దొరుకుతారు. గుమాస్తాకు ఒక ఖాళీ చిట్టా, దానికొక పాస్‌వర్డు ఇవ్వాలి.

అయిదవది: నెక్స్ట్‌క్లౌడ్ కట్టను తెచ్చి విప్పి, అపాచి చేతికి అప్పగించాలి. అప్పుడు ఇంట్లో ఏ కంప్యూటరు నుండి చిరునామా కొట్టినా ప్రారంభపు పేజీ వస్తుంది. ఫొటోలు ఎక్కడ దాచాలి అని అడిగినప్పుడు తప్పకుండా డిస్కు మీది చోటు చూపాలి. ఇక్కడ తొందరపడి ముందుకు పోతే ఫొటోలన్నీ ఆ చిన్న కార్డు మీదనే చేరతాయి. తరువాత పీ.హెచ్.పీ.కి 512 మెగాబైట్ల ర్యాము వాడుకునే అనుమతి, 5 నిమిషాలకొకసారి చిల్లర పనులు చక్కబెట్టుకునే ఏర్పాటు చేయాలి. పెత్తనానికి ఒక ఖాతా, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా వేరుగా ఉండాలి. పెత్తనపు ఖాతాను రోజువారీ వాడకానికి పెట్టుకోరాదు.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి అన్నీ అమర్చిన ‘నెక్స్ట్‌క్లౌడ్‌పై’ అనే సిద్ధరూపం కూడ ఉన్నది. కాని చదువుకునే అబ్బాయి ఒకసారి చేత్తో అమరిస్తేనే మంచిది. రేపు చెడితే ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

ఇప్పుడు ఫోనులో నెక్స్ట్‌క్లౌడ్ వారి యాప్ పెట్టుకుంటే, తీసిన ఫొటోలు ఇంటి వైఫై దొరకగానే తమంత తాముగా డిస్కుకు చేరేటట్లు చేయవచ్చును. ఇక్కడ ఆ సోదరి ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. వాట్సాప్‌లో చెప్పి పంపిన మాటలు ఫొటోల సంచీలో ఉండవు. వాటికి వేరే సంచీ ఉంటుంది. ఫొటోలు వచ్చాయి గదా, మాటలు కూడ వచ్చే ఉంటాయనుకొని ఫోను తుడిచివేస్తే ఆ కంఠం మళ్ళీ వినబడదు. అందువల్ల ఆ సంచీని ముందుగా వైరుతో కంప్యూటరులోకి ఎక్కించి, నాలుగైదు తెరిచి విని, అప్పుడు డిస్కుకు పంపాలి. ఇంటి క్లౌడ్ పెట్టినా పెట్టకపోయినా ఈ పని ఈ వారమే చేయవలసినది.

దుబాయిలో ఉన్నవారు చూడడం ఎలాగ? ఇది కొంచెం చిక్కు. మన ఊళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు అనేకం, ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్ళకు పంచి ఇస్తాయి. వాడకట్టు అంతటికీ ఒకే తలుపు నంబరున్నట్లు. లోపలివారు బయటకు పోవచ్చునుగాని బయటివారు నేరుగా మన ఇంటికి రాలేరు. రౌటరులో చూస్తే తెలుస్తుంది. బయటి చిరునామా 100.64 మొదలు 100.127 లోపల ఉంటే మీది పంపకపు చిరునామా అన్నమాట. అప్పుడు ‘వైర్‌గార్డ్’ పద్ధతిలో నడిచే ‘టెయిల్‌స్కేల్’ వంటి సాధనంతో, ఇంటి కంప్యూటరుకు, దుబాయి ఫోనుకు మధ్య ఇతరులు చొరలేని ఒక సొరంగం వేయవచ్చును. ఇటువంటి సొరంగాలను వి.పి.ఎన్. అంటారు. గల్ఫు దేశాలలో వీటి వాడకం మీద కఠినమైన చట్టాలున్నాయి కనుక, అక్కడివారు అక్కడి నిబంధన తెలుసుకున్న తరువాతనే ముందుకు పోవాలి. లేదంటే కావలసిన ఫొటోలు ఇక్కడి నుండి ఎప్పటికప్పుడు పంపడమే మేలు. నాలుగు ఫొటోల కోసం పరాయి దేశంలో చిక్కు తెచ్చుకోవడమెందుకు?

ఇక తల్లి ప్రశ్నకు వద్దాం. మానేరుకు ఆ ఒడ్డున సిరిసిల్ల, ఈ ఒడ్డున తంగళ్ళపల్లి. ఇక్కడివారికి ఒక సంగతి నేను చెప్పనక్కరలేదు. సేటు దగ్గర కూలికి నడిపినంత కాలం సాంచ ఆగితే బాగుచేయించే పూచీ ఆయనది. సాంచ సొంతమైన రోజు నుండి నూనె పెట్టడం, పట్టా తెగితే వేయించడం, కరెంటు బిల్లు కట్టడం, అన్నీ మనమే. సొంతం అంటే లాభమూ మనదే, కాపలా కూడ మనదే. ఇంటి క్లౌడ్ కూడ అచ్చం అంతే.

ఆ కాపలా ఎటువంటిదో చెబుతాను. సాంచాలున్న ఇంట్లో గాలిలో నలుసు ఎక్కువ. ఫ్యాను ఉన్న పెట్టెలో ఆ నలుసు చేరి గాలి ఆడదు. 80 డిగ్రీలు దాటితే ఈ పలక తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో కిటికీ పక్కన, రేకుల కింద పెట్టకుండా, నెలకొకసారి దులపాలి. కరెంటు హఠాత్తుగా పోతే కార్డు చెడే అవకాశం ఉన్నది కనుక ఇన్వర్టరు ఉంటే దానికి కలపాలి. ఉరుములు మెరుపులు వస్తున్నప్పుడు పద్ధతిగా ఆపి, ప్లగ్గు ఊడదీయాలి. నెలకొకసారి కొత్త సవరణలు వేసుకోవాలి. సవరణలు వేయని కంప్యూటరును బయటికి తెరిచి పెట్టడం, తలుపు బార్లా తీసి సంతకు పోవడం వంటిది.

ఇవన్నీ చేసినా ఇంకా సగం పనే అయింది. ఫోనులో ఉన్నది డిస్కులో కూడ ఉన్నంత మాత్రాన దాన్ని భద్రం చేసినట్లు కాదు. డిస్కు ఒకనాడు చెప్పకుండా చెడిపోతుంది. పసివాడు పొరపాటున తుడిచివేస్తే రెండుచోట్లా పోవచ్చును. నెక్స్ట్‌క్లౌడ్ చెత్తబుట్టలో మామూలుగా 30 రోజులు ఉంటుందిగాని, ఆ తరువాత జాగా అవసరమైతే అదీ ఖాళీ అవుతుంది. అందుకే తెలిసినవారు ‘మూడు, రెండు, ఒకటి’ అని సూత్రం చెబుతారు. మూడు నకళ్ళు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి.

దీనికి ఖర్చు ఎక్కువ కాదు. మరొక డిస్కు కొని, ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే ‘ఎక్స్‌ఫ్యాట్’ పద్ధతిలో సిద్ధంచేసి, నెలకొకసారి అన్నిటినీ అందులోకి నకలు తీసి, పుట్టింట్లోనో ఆడబిడ్డ ఇంట్లోనో పెట్టండి. ఎక్స్‌ఫ్యాట్ అని ఎందుకన్నానంటే, పలకకు తగిలించిన లినక్సు డిస్కును ఊడదీసి మామూలు విండోస్ కంప్యూటరుకు పెడితే అది చదవలేదు. అబ్బాయి ఊళ్ళో లేనప్పుడు పలక చెడిపోతే, ఈ రెండవ డిస్కును పక్కింటి కంప్యూటరుకు తగిలించి మామయ్య ఫొటో చూసుకోగలగాలి. నెక్స్ట్‌క్లౌడ్‌లో ఉన్న సుగుణం ఏమంటే, గుప్తలిపిలో పెట్టమని మనం చెబితే తప్ప, ఫొటోలను ఫొటోలుగానే, ఎవరి సంచీలో వారివి వేరుగా దాస్తుంది. కాబట్టి నకలు తీయడానికీ, చూడడానికీ పెద్ద విద్య అక్కరలేదు.

మరి తల్లిని పక్కన కూర్చోబెట్టమన్నది ఇందుకే. ఒక నోటుపుస్తకం కొనండి. పలక చిరునామా, ఖాతాల పేర్లు, పాస్‌వర్డులు, ఎలా ఆపాలి, ఎలా వెలిగించాలి, నకలు ఎలా తీయాలి అన్నవి అబ్బాయి చేత తెలుగులో, అతని మాటలలో వ్రాయించండి. దానిని పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలోనే దాచండి. తరువాత ఒకనాడు అబ్బాయిని పక్కగదిలో కూర్చోబెట్టి, ఆ పుస్తకం చూసి మీరే ఆపి, మీరే వెలిగించి, రెండవ డిస్కు నుండి ఒక పాత ఫొటో తెరవండి. తెరుచుకుంటే ఈ క్లౌడ్ మీ ఇంటిది. తెరుచుకోకపోతే అది అబ్బాయిది మాత్రమే. అతనితోబాటే పట్నం పోతుంది.

నా తీర్పు అడిగారు కనుక చెబుతాను. ఈ పరీక్ష నెగ్గగలమన్న నమ్మకం ఉంటే సంతోషంగా పెట్టించండి. అబ్బాయికి పుస్తకాలలో దొరకని చదువు దొరుకుతుంది, ఇంటి వస్తువు ఇంట్లో ఉంటుంది. నెలకొక గంట దీనికి కేటాయించేవారు ఇంట్లో ఎవరూ లేరనిపిస్తే, పలక కొనవద్దు. ఆ డబ్బుతో రెండు డిస్కులు కొని, రెండిళ్ళలో పెట్టి, పండుగ పండుగకూ నకళ్ళు తీసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఏ దారి పట్టినా, ఆ పెద్దాయన కంఠం మాత్రం ఇవాళ ఒక్క ఫోనులోనే ఉన్నది. ఈ వారం దాటకముందే అది రెండుచోట్ల ఉండాలి.